లోహము నతికిన ఉపాధ్యాయుడు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండి తార్నాకవైపు నడచువారికి ఏదేనొక ద్వారమున తాళముతో వ్రేలాడు ఇనుపగొలుసు కానవచ్చును. అందలి లంకెలకు అతుకెక్కడనో వెదకువారు అరుదు. విద్యుత్తుచే నట్టి అతుకు వేయు మార్గమును చూపిన ఎలిహూ థామ్సనును మేమిట స్మరించుచున్నాము.

1853లో మాంచెస్టరున జన్మించిన థామ్సను బాల్యముననే ఫిలడెల్ఫియా చేరి, తాను చదివిన పాఠశాలయందే ఉపాధ్యాయుడయ్యెను. 1877లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూటున ఉపన్యసించుచు, లీడెన్ జాడీలలోని విద్యుత్తును ప్రేరణచుట్టయొక్క సన్నతీగగుండ విడువగా, లావుతీగకొనలు ఒండొంటి కతుకుకొనిపోయెను. మఱియొకడైనచో వానిని ఊడదీసి పాఠము సాగించియుండును. ఈయన మఱువలేదు, 1886లో పేటెంటు వడసెను.

అంతకుమున్ను ప్రతి లంకెయు కొలిమిలో కాగి, కమ్మరి సమ్మెటపోటున అతుకవలసినదే. ఒక్క అతుకు చెడినను బరువు తెగి క్రిందివాని ప్రాణము తీయును. థామ్సను పద్ధతిని వంచిన లంకెకొనలను ఒత్తిపట్టి, స్వల్పవోల్టుల మహాప్రవాహమును పంపుదురు. కొనలు తాకుచోట నిరోధమధికము గాన అచ్చటనే వేడి పుట్టును. లంకె వలయమగుటచే కొంత ప్రవాహము వెనుకదారిని జాఱిపోవును. గొలుసుయంత్రము ఆ నష్టమును భరింపవలసినదే. కమ్మరి చేతినేర్పునకు వెల తగ్గెననుటయు నిజమే.

ఆయనకు సుమారు 700 పేటెంట్లు గలవు. 1892లో ఆయన సంస్థ ఎడిసను సంస్థతో కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయ్యెను. అంతటి యంత్రకర్తయు, 1920-23 నడుమ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు తాత్కాలికాధ్యక్షతను వహించి, మరల విద్యార్థుల నడుమకే వచ్చెను. 1929లో ఉస్మానియాయందు ఇంజనీరింగు కళాశాల వెలసినపుడు ఆయన జీవించియే యుండెను, 1937లో గతించెను.