అలాన్ బ్లుమ్‌లైన్

అలాన్ డోవర్ బ్లుమ్‌లైన్ (జూన్ 29, 1903 - జూన్ 7, 1942) బ్రిటిషు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, స్టీరియో ధ్వని ఆవిష్కర్త. ముప్పై తొమ్మిదేళ్లైనా నిండని జీవితంలో 128 పేటెంట్లు పొందాడు.

బాల్యం, విద్య

ఇతడు లండన్ నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి సెమ్మీ జర్మనీలో పుట్టిన గనుల ఇంజనీరు. తల్లి జెస్సీ డోవర్. పన్నెండేళ్లు దాటే వరకు చదవడం సరిగా రాలేదని చెబుతారు. అయితే ఏడవ ఏటనే ఇంటి కాలింగ్ బెల్లును బాగుచేసి, ఎలక్ట్రికల్ ఇంజనీరునని సంతకం చేసి తండ్రికి బిల్లు ఇచ్చాడట! సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, టెలిఫోను రంగంలో కొంతకాలం పనిచేసి, 1929లో కొలంబియా గ్రాఫోఫోను కంపెనీలో చేరాడు. 1931లో ఆ సంస్థ విలీనం వల్ల ఇ.ఎం.ఐ. ఏర్పడింది.

స్టీరియో ధ్వని

1931లో, తరువాత తన భార్య అయిన డోరీన్‌తో కలిసి సినిమాకు వెళ్ళినపుడు, నటుడు తెరపై ఒక పక్కన ఉంటే మాట మరొక చోటినుండి రావడం అతనికి నచ్చలేదు. దీనికి ఉపాయం తన వద్ద ఉందని ఆమెతో చెప్పాడు. ఆ ఏడాది డిసెంబరు 14న దరఖాస్తు చేసిన 394325వ నంబరు పేటెంటులో 70 అంశాలున్నాయి.

హెడ్‌ఫోన్లలో ఎడమ ధ్వని ఎడమ చెవికే చేరుతుంది. గదిలో స్పీకర్లు పెట్టినపుడు మాత్రం రెండింటి ధ్వనీ రెండు చెవులకూ చేరుతుంది. అసలు చిక్కు ఇదే. తక్కువ పౌనఃపున్యాలలో, రెండు స్పీకర్ల ధ్వని తీవ్రతలో తేడా ఉంచితే చాలు, అది చెవుల వద్ద దశాభేదంగా మారుతుందని బ్లుమ్‌లైన్ గ్రహించాడు. ఆ భేదాన్ని బట్టే మెదడు ధ్వని వచ్చిన దిక్కును పోల్చుకుంటుంది. శ్రోత రెండు స్పీకర్లకు సమదూరంలో కూర్చుంటే, వాటి నడుమ ఏమీ లేని చోట గాయకుడు నిలిచి పాడుతున్నట్లు తోస్తుంది. పక్కకు జరిగితే దగ్గరి స్పీకరు ధ్వని ముందుగా చేరి ఆ భ్రమ చెదిరిపోతుంది. ముందు వెనుకల ధ్వనిని గ్రహించి పక్కలది వదిలేసే రెండు మైకులను ఒకే చోట లంబకోణంలో అమర్చే పద్ధతిని నేటికీ బ్లుమ్‌లైన్ జంట అంటారు. రికార్డు గాడి రెండు గోడలపై రెండు ధ్వనులను చెక్కి, ఒకే ముల్లుతో వినిపించే విధానం కూడా అతనిదే.

1934లో అబే రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహణలో మోజార్ట్ జూపిటర్ సింఫనీని ఇలా రికార్డు చేశారు. స్టీరియో రికార్డులు మార్కెట్లోకి వచ్చింది 1950వ దశకం చివర. అప్పటికి పేటెంటు గడువు ముగిసింది, ఆవిష్కర్త కూడా లేడు.

మరణం

బి.బి.సి. 1936లో ప్రారంభించిన 405 గీతల టెలివిజన్ రూపకల్పనలోనూ ఇతడు ముఖ్యుడు. యుద్ధకాలంలో, విమానం నుండి నేల రూపురేఖలను చూపే హెచ్2ఎస్ రాడార్‌పై పనిచేశాడు. దానిని పరీక్షిస్తున్న హాలిఫాక్స్ విమానం ఇంజనుకు నిప్పంటుకొని హియర్‌ఫర్డ్‌షైర్‌లో వెల్ష్ బిక్నార్ వద్ద కూలిపోగా, బ్లుమ్‌లైన్‌తో సహా 11 మంది మరణించారు. ఇంజనులో ఒక నట్టు సరిగా బిగించకపోవడమే కారణమని తేలింది. రాడార్ రహస్యం కాపాడడానికి మరణవార్తను వెంటనే ప్రకటించలేదు. ఇంతటి వాని పేరు చాలాకాలం మరుగున పడడానికి ఇదొక కారణం. 2015లో అబే రోడ్ స్టూడియోలో అతని స్మారక ఫలకం ఉంచారు. 2017లో మరణానంతరం సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది.