థూలేకు పేరిడిన క్నూడ్ రాస్‌ముసెన్

భూగోళపటమున గ్రీన్‌లాండు వాయవ్యతీరమును పరికించిన విద్యార్థులకు, 76 డిగ్రీల ఉత్తర అక్షాంశమున అమెరికా వారి సైనిక స్థావర మొకటి కానవచ్చును. 1951లో నిర్మాణ మారంభమైన నాటినుండి ఏడు దశాబ్దములు అది థూలే విమానస్థావరముగా పేరొందినది. ఆ సీమ కా పేరిడినవాడు సైనికుడు కాడు. కథలను, పాటలను సేకరించిన యాత్రికుడు క్నూడ్ రాస్‌ముసెన్.

ఆతడు 1879లో గ్రీన్‌లాండునందలి యాకబ్స్‌హావన్ గ్రామమున జన్మించెను. తండ్రి డెన్మార్కు దేశపు క్రైస్తవ మతాచార్యుడు. తల్లి వంశమున ఇనూయిట్ రక్తము కలదు. మన పాఠ్యపుస్తకములు ఎస్కిమోలని చెప్పుచు వచ్చిన జనులే ఇనూయిట్లు. తోడి బాలురతో ఆడుచు వారి భాషను, కుక్కలు లాగెడి జారుబండిని తోలుటను నేర్చెను. చదువునకై డెన్మార్కు వెళ్ళి, నటుడు కావలెనని, గాయకుడు కావలెనని యత్నించి విఫలుడయ్యెను. 1902లో ఒక సాహిత్య యాత్రాబృందముతో గ్రీన్‌లాండు మరలిన పిమ్మటగాని తన మార్గ మాతనికి దొరకలేదు.

1910లో మిత్రుడు పీటర్ ఫ్రాయికెన్‌తో గూడి ఆ వాయవ్యతీరమున వర్తకశాల నొకదానిని నెలకొల్పెను. ప్రాచీన యవనులు లోకపు ఉత్తరపు కొసకు వాడిన థూలే నామమును దానికి పెట్టెను. వేటగాండ్రు నక్కతోళ్ళు తెచ్చి తుపాకులు, పనిముట్లు కొనిపోవుచుండిరి. లాభము యాత్రల వ్యయమునకు తోడ్పడెను. 1927లో వేటగాండ్ర సభ యొకటి అచట ఏర్పడెను.

ఆతని యాత్రలలో ఐదవది, 1921 నుండి 1924 వఱకు సాగినది, మిక్కిలి ప్రసిద్ధము. హడ్సన్ అఖాతము నుండి ఇద్దఱు ఇనూయిట్ సహచరులతో, వారిలో ఒకతె స్త్రీ, కుక్కల బండ్లపై అలాస్కా చేరెను. అలాస్కా ఉత్తరతీరమున సైతము ఆతని గ్రీన్‌లాండు పలుకు అచటివారికి బోధపడెను. వేల మైళ్ళ మంచుసీమలో చెదరియున్న ఆ గుంపులు ఒకే జనమని ఇట్లు తేలెను. నోటనుండి నోటికి వచ్చిన వారి కథలను, పాటలను, నమ్మకములను ఆతడు వ్రాసియుంచెను. ఏడవ యాత్రలో రోగగ్రస్తుడై 1933 డిసెంబరు 21న, 54 ఏండ్ల వయసున, మరణించెను.

ధ్రువము మీదుగా అమెరికాకును సోవియట్ దేశమునకును దూరము తక్కువ. అందుచే 1951లో డెన్మార్కుతో ఒడంబడిక చేసికొని, అమెరికా వారు ఆ వర్తకశాల చెంతనే స్థావరము కట్టిరి. క్షిపణుల రాకను ముందే పసిగట్టు రాడారులు తరువాత వెలసెను. 1953లో స్థావరమును విస్తరింపగోరగా, డెన్మార్కు ప్రభుత్వము అచటి 27 కుటుంబములను నూఱు కిలోమీటర్లకు పైగా ఉత్తరమున నున్న కానాక్‌కు తరలించెను. ఇండ్లు సిద్ధము కానందున వారికి తొలుత గుడారములే గతియయ్యెను. 1999లో న్యాయస్థానము వారికి నష్టపరిహారము విధించెను; ప్రభుత్వము క్షమాపణ చెప్పెను.

వేటగాండ్రు తమ నేలపై బ్రదుకుటకు తోడ్పడిన వర్తకశాల పేరే, వారిని ఆ నేలనుండి వెడలించిన స్థావరమునకును అంటుకొనెను. 2023లో ఆ పేరు తీసివేసి, స్థావరమునకు పిటుఫిక్ అను స్థానిక నామము నిడిరి. అది యవనుల మాట కాదు. ఏ జనుల కథలను రాస్‌ముసెన్ వ్రాసియుంచెనో ఆ జనుల నోట పుట్టిన మాట.