అలాన్ ట్యూరింగ్: మిగిలిపోయిన సెంటు లెక్క

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో పుట్టి పెరిగినవాళ్ళకి పొలం పంపకాల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కొండాపురం దగ్గర ఒక ఎకరం చేనును ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవాలనుకోండి. ఎకరానికి 100 సెంట్లు. మనిషికి 33 సెంట్లు రాసుకుంటే 99 అయింది. మిగతా సెంటు ఎటు పోయింది? భూమి ఎక్కడికీ పోలేదు, కాగితం మీదే పోయింది. 33.3 అని రాసినా, ఆ పక్కన ఇంకో మూడు చేర్చినా, ఇంకా ఎంతో కొంత మిగులుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట కలం ఆపక తప్పదు. ఆపిన చోట లెక్కలో ఒక చిన్న అబద్ధం చేరుతుంది.

కంప్యూటర్ కష్టమూ ఇదే. మనం పదుల్లో లెక్కపెడతాం, అది రెండుల్లో లెక్కపెడుతుంది. మనకు మూడోవంతు తెగనట్టే దానికి పదోవంతు తెగదు. 0.1 అనే సంఖ్యను ద్విసంఖ్యామానంలో రాయబోతే 0011, 0011 అంటూ అంతులేకుండా సాగిపోతుంది. యంత్రంలో చోటు కొద్ది. కాబట్టి ఒకచోట కోసేసి దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. అందుకే 0.1కి 0.2 కలపమంటే చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. లాబొరేటరీలో మొదటిసారి ఇది చూసిన విద్యార్థి యంత్రం చెడిపోయిందనుకుంటాడు. అది నిక్షేపంగా ఉంది. బిందువును అటూ ఇటూ జరుపుకుంటూ చిన్న సంఖ్యల్నీ పెద్ద సంఖ్యల్నీ ఒకే కొలత చోటులో దాచే పద్ధతిని ఫ్లోటింగ్ పాయింట్ అంటారు. కోసినచోట చేరే తప్పు రౌండింగ్ ఎర్రర్. మనం కుదింపు దోషం అనుకుందాం.

ఈ దోషాన్ని చూసి జడుసుకోకుండా, అలాగని తేలిగ్గానూ తీసుకోకుండా, గణితశాస్త్ర రీత్యా కొలిచి చూపించిన తొలివారిలో అలాన్ మాథిసన్ ట్యూరింగ్ ఒకడు. జర్మనీ వారి రహస్య లిపిని ఛేదించినవాడుగా, యంత్రాలు ఆలోచించగలవా అని అడిగినవాడుగా ఆయన్ని లోకం ఎరుగును. కుదింపు దోషాల మీద ఆయన రాసిన వ్యాసం సంగతి గణితం వాళ్ళు తప్ప ఎవరూ ఎత్తరు. నా మట్టుకు నాకు ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి అదే మంచి దారి అనిపిస్తుంది.

ముందుగా మన తెలుగునేలతో ఆ కుటుంబానికున్న సంబంధం చెప్పుకోవాలి. తండ్రి జూలియస్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. 1896 డిసెంబరులో ఓడెక్కి మద్రాసు రాజధానికి వచ్చాడు. బళ్ళారి, కర్నూలు ప్రాంతాల్లో గుర్రం మీద తిరుగుతూ పంటలు, నీటి వసతులు, పారిశుధ్యం, టీకాలు, గ్రామ లెక్కలు తనిఖీ చేశాడు. తెలుగు, తమిళం నేర్చుకున్నాడు. 1907లో ఎథెల్ సారా స్టోనీని పెళ్ళాడాడు. ఆమె పుట్టింది కోయంబత్తూరు దగ్గర పోదనూరులో. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. చప్పుడు చేయని పంకా చక్రం ఒకటి కనిపెట్టి పేటెంటు కూడా పొందిన మనిషి! దొరల నిద్ర చెడకుండా ఎంత శ్రద్ధ తీసుకున్నారో చూడండి.

పెళ్ళయ్యాక ఆ దంపతులు తిరిగిన ఊళ్ళ పేర్లు చదువుతుంటే మన ఆర్టీసీ బస్సు బోర్డులు చదివినట్టే ఉంటుంది. పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం, కర్నూలు. చివరికి 1911 మార్చిలో గంజాం జిల్లా ఛత్రపురం చేరారు. ఆ జిల్లా అప్పటికింకా మద్రాసు రాజధానిలోనే ఉండేది, 1936లో ఒరిస్సాలో కలిసింది. అలాన్ తల్లి కడుపున పడింది ఛత్రపురంలోనే. పుట్టింది మాత్రం లండన్‌లో, 1912 జూన్ 23న. తండ్రి మళ్ళీ ఉద్యోగానికి మద్రాసు వచ్చేశాడు. అలాన్‌నూ, 1908లో కూనూరులో పుట్టిన అన్న జాన్‌నూ సముద్రతీరంలోని సెయింట్ లెనార్డ్స్‌లో ఒక కర్నల్ దంపతుల ఇంట వదిలిపెట్టారు. తల్లిదండ్రులు వస్తూ పోతూ ఉండేవారు. ఈ ఊరికీ ఆ ఊరికీ మధ్య పిల్లవాడి బాల్యం అలా గడిచింది.

1926లో షెర్బోర్న్ స్కూల్లో చేరవలసిన రోజున ఇంగ్లండంతా సమ్మె, రైళ్ళు లేవు. పదమూడేళ్ళ కుర్రవాడు సౌతాంప్టన్ నుంచి 60 మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి బడిలో చేరాడు. అక్కడ క్రిస్టఫర్ మార్కమ్ అనే సహాధ్యాయితో గాఢమైన స్నేహం కుదిరింది. 1930 ఫిబ్రవరిలో ఆ స్నేహితుడు చనిపోయాడు. ఆ దుఃఖం ట్యూరింగ్‌ను చాలాకాలం వదలలేదు.

1931లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ. అక్కడ ఫెలోషిప్ కోసం ఆయన ఎంచుకున్న విషయం గమనించదగ్గది. ఎన్నో చిన్న చిన్న పొరపాట్లు ఒకచోట చేరితే వాటి మొత్తం గంట ఆకారపు గౌస్ వక్రం ప్రకారం ఎందుకు సర్దుకుంటుంది అనే ప్రశ్న అది. సెంట్రల్ లిమిట్ సిద్ధాంతం అంటారు. 1922లోనే లిండెబర్గ్ దాన్ని నిరూపించాడన్న సంగతి ఈయనకు తెలియదు. తనంతట తాను మళ్ళీ నిరూపించాడు. అయినా కాలేజీవారు ఆ ప్రతిభను గుర్తించి 1935లో, ఆయనకు 22 ఏళ్ళప్పుడు, ఫెలోగా తీసుకున్నారు. పొరపాట్లతో ఆయన స్నేహం అప్పటినుంచే ఉందన్నమాట.

మరుసటి సంవత్సరం, 1936లో, ఆయన్ని చిరస్థాయిగా నిలబెట్టిన వ్యాసం వచ్చింది. అంతులేని ఒక కాగితపు పట్టీ, దాని మీద ఒక్కో గడినీ చదివి రాసే ఒక ఊహాయంత్రం. ఏ దశాంశాన్నయినా, ఎన్ని స్థానాల వరకయినా, నియమం ప్రకారం రాసుకుంటూ పోగల సంఖ్యలు ఏవి, పోలేనివి ఏవి అన్నది అందులో ప్రశ్న. ఆ యంత్రానికి చోటు కరువు లేదు. కలం ఆపవలసిన అవసరమే లేదు. మన సెంటు పంపకం ఆ పట్టీ మీద యుగాంతం దాకా సాగుతుంది.

ఆపైన అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో అలొంజో చర్చ్ దగ్గర డాక్టరేటు, 1938లో తిరుగు ప్రయాణం. 1939 సెప్టెంబరు 4న బ్లెచ్లీ పార్కులో యుద్ధకాలపు ఉద్యోగం. ఎనిగ్మా సంకేతాల్ని విప్పే బాంబ్ యంత్రపు రూపకల్పన, జర్మన్ నౌకాదళ సందేశాల ఛేదన గురించి పుస్తకాలూ సినిమాలూ చాలానే వచ్చాయి గనుక ఇక్కడ పెంచి రాయను.

యుద్ధం ముగిశాక 1945 అక్టోబరులో ట్యూరింగ్ లండన్ శివార్లలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో చేరాడు. ఊహాయంత్రాన్ని ఇప్పుడు తీగెలతో, వాల్వులతో నిజంగా కట్టాలి. ఏస్ అనే కంప్యూటర్‌కు పూర్తి నమూనా రాసి 1946లో సమర్పించాడు. ఊహలో ఉన్న అంతులేని పట్టీ ఇక్కడ కొలత పెట్టిన నిల్వగా మారింది. ప్రతి గుణకారానికీ చివర ఏదో ఒక ముక్క కత్తిరించాలి. లక్షల గుణకారాలు చేసే యంత్రంలో లక్షల ముక్కలు తెగుతాయి. అవన్నీ కలిసి జవాబునే మింగేస్తే?

ఆ రోజుల్లో పెద్దల భయం సరిగ్గా ఇదే. 1943లో హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ గణాంకవేత్త ఒక అంచనా వేశాడు. సమీకరణాల గుంపును మనం స్కూల్లో నేర్చుకున్నట్టు ఒక్కో చలరాశినీ తొలగిస్తూ సాధిస్తే, ఒక్కో సమీకరణం పెరిగినప్పుడల్లా దోషం నాలుగు రెట్లు కావచ్చునని దాని సారాంశం. 18 సమీకరణాలైతే నాలుగును పదిహేడుసార్లు హెచ్చవేయాలి. దాదాపు 1,718 కోట్ల రెట్లు! పది స్థానాల లెక్కలో ఇక మిగిలేదేముంది? ఈ లెక్కన ఎన్ని కోట్లు పోసి యంత్రం కట్టినా పెద్ద సమస్యలకు అది కొరగాదు.

1946లో నిజంగానే 18 సమీకరణాల సమస్య ఒకటి ఆ లాబొరేటరీకి వచ్చింది. యంత్రం ఇంకా కాగితం మీదే ఉంది. కొన్నాళ్ళు వాదించుకుని, ఇక సిద్ధాంతాలు చాలించి చేసి చూద్దామనుకున్నారు. లెస్లీ ఫాక్స్, గుడ్విన్, కొత్తగా చేరిన జేమ్స్ విల్కిన్సన్, ట్యూరింగ్ నలుగురూ చేతిలెక్క మిషన్లు ముందేసుకుని కూర్చున్నారు. రెండు వేలకు పైగా గుణకార భాగహారాలు. ట్యూరింగ్‌కు ఆ మిషన్ తిప్పడంలో నేర్పు తక్కువ. పైగా ఇది మునిగిపోయే వ్యవహారమని ఆయన గట్టి నమ్మకం. అందరిలోకీ నిరాశావాది ఆయనే.

లెక్క పూర్తయింది. వచ్చిన విలువల్ని మొదటి సమీకరణాల్లో పెట్టి చూశారు. మిగిలిన తేడా పదో దశాంశ స్థానంలో! మళ్ళీ ఒకటి రెండుసార్లు సవరించి చూస్తే మొదటి జవాబులోనే దాదాపు ఆరు అంకెలు సరిగా ఉన్నాయని తేలింది. మునగలేదు సరికదా, పడవ ఒడ్డుకు చేరింది. ఈ సంగతంతా లోకానికి చెప్పినవాడు విల్కిన్సన్, అదీ చాలా ఏళ్ళ తరువాత.

తన జోస్యం తప్పినందుకు ట్యూరింగ్ చిన్నబుచ్చుకోలేదు. ఎందుకు తప్పిందో తేల్చుకోవడానికి కూర్చున్నాడు. ఫలితం 1948లో వెలువడిన వ్యాసం, మాట్రిక్సు గణనల్లో కుదింపు దోషాల గురించి. 1947లోనే అమెరికాలో ఫాన్ నాయ్‌మన్, గోల్డ్‌స్టైన్ ఇదే సమస్య మీద పెద్ద వ్యాసం ప్రచురించారు. ఈ రెండూ కలిసి అప్పటి దిగులును చాలావరకు పోగొట్టాయి. చలరాశుల్ని తొలగించే పాత పద్ధతి అంటే మాట్రిక్సును కింది త్రికోణం, పై త్రికోణం అనే రెండు మాట్రిక్సుల లబ్ధంగా విడగొట్టడమేనని ట్యూరింగ్ ఆ వ్యాసంలో చూపించాడు. మన న్యూమరికల్ అనాలిసిస్ పేపర్లో ఎల్‌యూ అని వచ్చేది ఇదే. హోటెలింగ్ భయపడినంత నష్టం అరుదైన సందర్భాల్లో తప్ప జరగదనీ వివరించాడు. అంతకంటె ముఖ్యమైనది ఆయన పెట్టిన కండిషన్ నంబరు అనే పేరు, దాని వెనక ఉన్న ఆలోచన.

అదేమిటో చిన్న లెక్కతో చూద్దాం. x + y = 2, x + 1.001y = 2.001. జవాబు x = 1, y = 1. ఇప్పుడు రెండో దానిలో 2.001 బదులు 2.002 అని పెట్టండి. మారింది వెయ్యోవంతు. జవాబు మాత్రం x = 0, y = 2 అయి కూర్చుంది! ఇక్కడ యంత్రం తప్పు లేదు, పద్ధతి తప్పూ లేదు. ఆ రెండు గీతలూ ఇంచుమించు సమాంతరంగా పోతున్నాయి. దాదాపు ఒకే దిక్కుకు సాగే రెండు పొలం గట్లు ఎక్కడ కలుస్తాయంటే, చూసేవాడు అడుగు పక్కకు జరిగితే చాలు, కలిసే చోటు ఫర్లాంగు జరుగుతుంది. అదే అడ్డంగా కోసుకునే గట్లయితే ఆ బాధ లేదు. ఇచ్చిన సమస్యలోనే ఎంత చంచలత్వం ఉందో చెప్పే అంకె కండిషన్ నంబరు. జవాబు చెడినప్పుడు నింద ఎవరిది, లెక్క చేసినవాడిదా, లెక్కదేనా అని విడదీసి చూడటం దీనివల్ల సాధ్యపడింది.

చంచలత్వం లేని చోట కూడా, తెగిన ముక్కలు ఒకే వైపు పోగుపడితే ప్రమాదమే. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ఇదే జరిగింది. అక్కడి పేట్రియట్ క్షిపణి రక్షణ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదోవంతుల్లో లెక్కపెట్టేది. ఆ పదోవంతును 24 బిట్లలో కోసి దాచారు. ఒక్కో లెక్కకు తప్పు సెకనులో కోటోవంతు కూడా లేదు. కానీ యంత్రాన్ని ఆపకుండా 100 గంటలు నడిపారు. తప్పు 0.34 సెకను అయింది. అంతలో స్కడ్ క్షిపణి అర కిలోమీటరుకు పైగా పోతుంది. చూడవలసిన చోట చూడక రక్షణ వ్యవస్థ దాన్ని వదిలేసింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు.

తిరిగి మన కథానాయకుడి దగ్గరకు వద్దాం. ఆ రోజుల్లోనే ఆయన పరుగు పందెగాడు కూడా. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో పూర్తిచేశాడు. లాబొరేటరీలో ఏస్ పని నత్తనడక నడుస్తుంటే విసిగిపోయి 1948లో రాజీనామా ఇచ్చి మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఏస్ చిన్న నమూనా 1950 మేలో ఆయన లేకుండానే తొలి ప్రోగ్రాము నడిపింది. ఆ ఏడే యంత్రబుద్ధి మీద ఆయన ప్రసిద్ధ వ్యాసం వచ్చింది. 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వం.

1952లో ఒక పురుషుడితో సంబంధం ఉన్నందుకు ఆయన మీద కేసు పెట్టారు. అప్పటి ఇంగ్లండు చట్టంలో అది నేరం. జైలు తప్పించుకోవడానికి హార్మోను మందులకు ఒప్పుకోవలసి వచ్చింది. యుద్ధకాలంలో దేశానికి ఆయన చేసిన సేవ రహస్యం గనుక కోర్టులో బయటపెట్టడానికీ వీల్లేదు. 1954 జూన్ 7న సయనైడ్ వల్ల మరణించాడు. వయసు నిండా 42 కాలేదు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. తల్లి మాత్రం అది ప్రమాదమనే చివరిదాకా నమ్మింది, కొడుకు జీవితకథను తానే రాసి 1959లో ప్రచురించింది. బ్రిటిష్ ప్రధాని క్షమాపణ 2009లోనూ, రాజక్షమాభిక్ష 2013లోనూ వచ్చాయి. 2021లో 50 పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు.

కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన పురస్కారం 1966 నుంచి ఆయన పేరు మీదనే ఇస్తున్నారు. 1970లో అది విల్కిన్సన్‌కు దక్కింది, కుదింపు దోషాల అధ్యయనానికే. ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు ఏ కంపెనీ యంత్రంలోనైనా ఒకే తీరుగా ఉండాలని 1985లో ఒక ప్రమాణం వెలువడింది. దాని వెనక ముఖ్యంగా శ్రమించిన విలియం కహాన్‌కు 1989లో ఇచ్చారు. 1994లో ఆ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్న రాజ్ రెడ్డి అప్పట్లో మన పొరుగున ఉన్న చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టినవారు. ట్యూరింగ్ 1950 వ్యాసంలో లేవనెత్తిన యంత్రబుద్ధి రంగంలోనే ఆయన కృషి అంతా.