నొప్పిని తూచిన హకీము – ఇబ్న్ సీనా

చార్మినారు చెంత నిజామియా యునానీ వైద్యశాల ఉన్నది. జూబిలీ హిల్స్‌ను ఆనుకొని ఉన్న బంజారా హిల్స్‌లో, క్యాన్సరుతో కన్నుమూసిన తమ సతీమణి పేర ఎన్.టి. రామారావుగారు సంకల్పించగా 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి ఉన్నది. ఈ రెండింటికీ మధ్య వేయి సంవత్సరాల ఎడమున్నట్లు తోస్తుంది. కాని రోగి బాధను తగ్గించే విద్యలో ఈ రెండింటికీ చుట్టరికమున్నది. ఆ చుట్టరికానికి మూలపురుషులలో ఒకరు ఇబ్న్ సీనా.

ఆయన క్రీ.శ. 980లో బుఖారా సమీపాన అఫ్షానా గ్రామంలో జన్మించారు. పదేండ్ల ప్రాయానికే ఖురాన్‌ను కంఠస్థం చేశారు. ఇరవై ఏండ్లయినా నిండకముందే సామానీ ప్రభువైన నూహ్ ఇబ్న్ మన్సూర్ చికిత్సలో పాల్గొని, ప్రతిఫలంగా రాజగ్రంథాలయంలో ప్రవేశం పొందారు. రాజ్యాలు కూలుతుండగా ఊరూరా తిరిగారు. హమదానులో మంత్రి పదవి నిర్వహించారు. కొన్ని నెలలు కోటలో బందీగానూ గడిపారు. అట్టి అశాంతి నడుమనే ఐదు భాగాల ‘అల్ ఖానూన్’ అనే మహాగ్రంథాన్ని పూర్తిచేశారు. పన్నెండవ శతాబ్దిలో అది లాటిన్‌లోకి అనువాదమై, ఐరోపా విశ్వవిద్యాలయాలలో శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథంగా నిలిచింది.

ఆ గ్రంథంలో ఆయన నొప్పిని పదిహేను విధాలుగా విభజించారు. కారణాన్ని తొలగించడమే అసలైన చికిత్స అని నిర్ణయించారు. మత్తు కలిగించే మందులలో నల్లమందు మిక్కిలి శక్తిమంతమైనదని గుర్తించి, దానిని ఒంటరిగా గాక, దాని తీవ్రతను అదుపు చేసే ద్రవ్యాలతో కూర్చి జాగరూకతతో వాడాలని బోధించారు.

విధి విచిత్రమైనది. జీవితపు చివరి దశలో ఆయనకు తీవ్రమైన కడుపుశూల పట్టుకొన్నది. త్వరగా కోలుకోవాలన్న ఆతురతతో ఒకే దినాన పలుమార్లు వస్తిచికిత్స చేసుకొనగా పేగులు పుండ్లు పడ్డాయి. ఆయన సేవించే లేహ్యంలో ఒక సేవకుడు నల్లమందును అధికంగా కలిపాడని శిష్యుడు జూజ్జానీ వ్రాసిపెట్టాడు. 1037లో హమదానులో ఆయన పరమపదించారు. తూకం ఎరిగిన వైద్యునికి తూకం తప్పిన మందు ఎదురైంది.

నల్లమందు నుండి వేరుచేసిన మార్ఫినే నేడు తీవ్రమైన క్యాన్సరు నొప్పికి ముఖ్యమైన ఔషధం. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నొప్పి తీవ్రతను బట్టి మందును ఎంచే మూడు మెట్ల పద్ధతిని ప్రకటించి, ఏ మెట్టుననైనా సహాయక ఔషధాలను చేర్చవచ్చునన్నది. నరాల మంటకు అమిట్రిప్టిలిన్ లేదా గాబాపెంటిన్, కంతి చుట్టూ వాపు వల్ల కలిగే ఒత్తిడికి డెక్సామెథసోన్, మార్ఫిన్ వల్ల వచ్చే మలబద్ధకానికి విరేచనకారి చేరుస్తారు. అయితే మత్తునిచ్చే మందులు ఒకదానికొకటి తోడైతే శ్వాస మందగించే ప్రమాదమున్నది. కనుక ప్రతి చేర్పుకూ కారణమూ, కొలతా ఉండాలి.

ప్రియ విద్యార్థులారా! బాధను మౌనంగా భరించడమే సహనమని మన ఇండ్లలో కొందరు పెద్దలు తలుస్తారు. మార్ఫిన్ పేరు వినగానే వ్యసనమని భయపడి రోగికి దానిని అందనీయరు. ఇబ్న్ సీనా జీవితం ఈ రెండు పొరపాట్లనూ సరిదిద్దుతుంది. నొప్పిని తీర్చడం వైద్యుని ధర్మం. మందును తూచి ఇవ్వడం ఆ ధర్మానికి ప్రాణం.