జియోవాన్ని డొమెనికో కాసిని

జియోవాన్ని డొమెనికో కాసిని (జూన్ 8, 1625 - సెప్టెంబరు 14, 1712) ఇటలీలో జన్మించి ఫ్రాన్సులో స్థిరపడిన ఖగోళ శాస్త్రవేత్త. శనిగ్రహపు ఉపగ్రహాలలో నాలుగింటిని ఇతడు కనుగొన్నాడు. వాటిలో ఒకటైన ఇయాపెటస్ ఒక వైపు నల్లగా ఉంటుందని, అది దూరదర్శినిలో చిన్న చుక్కగా మాత్రమే కనిపించే రోజులలోనే ఊహించాడు. దాదాపు మూడు శతాబ్దాల తరువాత అంతరిక్ష నౌకలు తీసిన చిత్రాలు ఆ ఊహను నిజం చేశాయి.

తొలి జీవితం

కాసిని పెరినాల్డో గ్రామంలో జన్మించాడు. 1650లో బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1668లో గురుగ్రహ ఉపగ్రహాల గమన పట్టికలను ప్రచురించి పేరు పొందాడు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఆహ్వానంపై 1669లో పారిస్ చేరి, అక్కడి వేధశాలలో పరిశోధనలు సాగించాడు. 1673లో ఫ్రెంచి పౌరసత్వం స్వీకరించాడు.

శనిగ్రహ పరిశోధనలు

1671లో ఇయాపెటస్‌ను, 1672లో రియాను, 1684లో టెథిస్, డయోని ఉపగ్రహాలను కనుగొన్నాడు. శని వలయాల మధ్యనున్న ఖాళీని 1675లో గుర్తించాడు. దానిని కాసిని విభాగం అంటారు.

ఇయాపెటస్ శనికి పడమటి వైపున ఉన్నప్పుడు కనిపించి, తూర్పు వైపుకు వెళ్ళగానే మాయమయ్యేది. మెరుగైన దూరదర్శినితో 1705లో తూర్పు వైపున కూడా దానిని చూడగలిగాడు. అయితే అక్కడ దాని కాంతి ఎంతో తక్కువగా ఉంది. చంద్రుడు భూమికి చూపినట్లే ఈ ఉపగ్రహం కూడా శనికి ఎప్పుడూ ఒకే ముఖం చూపుతుందని, దాని ఉపరితలంలో ఒక భాగం కాంతిని తక్కువగా పరావర్తనం చేస్తుందని కాసిని నిర్ధారించాడు.

ఇతని అభిప్రాయాలన్నీ నిలువలేదు. కాంతికి పరిమిత వేగం ఉందని 1676లో రోమర్ ఇచ్చిన వివరణను ఇతడు అంగీకరించలేదు. న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని కూడా ఒప్పుకోలేదు.

చివరి దశలో కాసిని చూపు కోల్పోయాడు. 1712లో పారిస్‌లో మరణించాడు. ఇతని తరువాత కుమారుడు, మనుమడు, మునిమనుమడు వరుసగా పారిస్ వేధశాల బాధ్యతలు వహించారు.

అంతరిక్ష నౌకల చిత్రాలు

వాయేజర్ 1 (1980), వాయేజర్ 2 (1981) పంపిన చిత్రాలలో ఇయాపెటస్ ఒక వైపు మంచులా తెల్లగా, మరొక వైపు బొగ్గులా నల్లగా కనిపించింది. ఇతని పేరు పెట్టిన కాసిని నౌక 1997లో బయలుదేరి, 2004లో శని కక్ష్యలో ప్రవేశించింది. అది 2007 సెప్టెంబరు 10న ఇయాపెటస్‌కు సుమారు 1,640 కిలోమీటర్ల దూరం నుండి చిత్రాలు తీసింది. సుమారు 1,470 కిలోమీటర్ల వ్యాసమున్న ఈ ఉపగ్రహమంతటా ఉల్కాపాత బిలాలు, మధ్యరేఖ వెంబడి ఎత్తైన పర్వతశ్రేణి ఉన్నాయి. నల్లని ప్రాంతంలోని కొన్ని చిన్న బిలాలలో తెల్లని మంచు బయటపడింది. దీనిని బట్టి నలుపు పలుచని పైపొర మాత్రమేనని తెలిసింది. ఫీబీ అనే మరొక ఉపగ్రహం నుండి వచ్చిన ధూళి దీనికి మొదటి కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ధూళి పడిన చోటు ఎక్కువ వేడెక్కడంతో అక్కడి మంచు ఆవిరై, చల్లని తెల్లని వైపున పేరుకుంటుంది. కాసిని నౌక 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలో ప్రవేశించి నశించింది.

ఇయాపెటస్‌పై గల ఈ నల్లని ప్రాంతానికి కాసిని రెజియో అని పేరు.