తొట్టిలోని నీళ్లు – సర్ రోనాల్డ్ రాస్ జీవితము



నయమాను కథ మన సంఘములలో చిన్న పిల్లలకు సయితము తెలిసినదే. ప్రవక్త ఆయనకు చేయవలసినది చెప్పి పంపెను. యొర్దానులో ఏడు మారులు మునుగుట కష్టమైన పనియు కాదు, ఖర్చుతో కూడిన పనియు కాదు. అయినను ఆ సేనాధిపతి కోపించి వెనుకకు తిరిగెను. అప్పుడాయన దాసులు దగ్గరకు వచ్చి మెల్లగా నచ్చజెప్పిరి. ఆ దాసుల పేర్లు మనకు తెలియవు. వారు లేనియెడల ప్రవక్త చెప్పిన మాట ఆయన దేహమును చేరకయే పోయియుండును. ఈ నెల మేము మీ ముందుంచుచున్న జీవితము ఈ సంగతినే మరియొక విధముగా తెలుపుచున్నది.

రోనాల్డ్ రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి ఆల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యములో ఉన్నతాధికారి. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లాండు పంపిరి. అతనికి పద్యములు వ్రాయుటయందు, సంగీతమందు, గణితమందు మక్కువ ఎక్కువ. వైద్యము చదువవలెనని కోరినది తండ్రి. ఆ కోరిక చొప్పున వైద్యుడై, 1881లో ప్రభుత్వ వైద్యశాఖలో చేరి, మద్రాసు రాజధానికి వచ్చెను.

1883లో ఆయనను బెంగుళూరు దండులో పనికి వేసిరి. మన గుడిబండవారు పెండ్లి బట్టలకు, ఆసుపత్రికి పోయి వచ్చు బెంగుళూరే అది. ఆయన బస చేసిన బంగళా బాగుండెను గాని దోమలు ఆయనను నిద్రపోనియ్యలేదు. తన గదిలో ఇన్ని దోమలెందుకున్నవని వెదకగా, కిటికీ వెలుపలనే ఒక నీళ్ల తొట్టి కనబడెను. దానిలో దోమపిల్లలు పురుగులవలె ఈదుచుండెను. ఆయన తొట్టిని బోర్లించెను. గదిలో దోమలు చాలవరకు తగ్గిపోయెను.

యువకుడైన రాస్ సంతోషించి, దండులోని పై అధికారియొద్దకు పోయి, భోజనశాల చుట్టునున్న తొట్లన్నిటిని అట్లే కుమ్మరింపజేయుడని కోరెను. ఆ అధికారి నవ్వి, ఒప్పుకొనలేదు. దోమలు ఏదో ఒక పనికై సృజింపబడినవనియు, సృష్టి క్రమమును చెరుపక వాటిని ఓర్చుకొనవలెననియు ఆయన అభిప్రాయము. మందు చేతిలోనే యున్నది, తొట్టి ఎదుటనే యున్నది. అయినను పని జరుగలేదు. రాస్ జీవితమంతయు ఈ చిన్న సంగతిలోనే ఇమిడియున్నదని మాకు తోచుచున్నది.

ఆ కాలమున చలిజ్వరము, అనగా మలేరియా, చెడుగాలివలన వచ్చునని లోకము తలంచుచుండెను. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగుల రక్తములో దాని క్రిమిని కనుగొనెను. 1894లో రాస్ సెలవుపై లండనులో నుండగా, పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆ క్రిమిని ఆయనకు చూపి, దానిని మోయునది దోమయై యుండవచ్చునని చెప్పెను. మరుసటి సంవత్సరము రాస్ సికిందరాబాదునకు వచ్చి ఆ సంగతిని పరీక్షింప మొదలుపెట్టెను.

రెండేండ్లు ఆయన దోమలను కోసి చూచుచునే యుండెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. చిన్న దోమలు ఎగిరిపోవునని పంకా కూడ వేసికొనలేదు. హుస్సేన్ ఖాన్ అను జ్వరపీడితుడు దోమకు ఒక అణా చొప్పున తీసికొని, వాటిచేత కుట్టించుకొనెను. ఆ బీదవాని రక్తము త్రాగిన దోమ కడుపులోనే 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన రాస్ ఆ క్రిమిని కనుగొనెను. వెంటనే ఆయనను రాజపుటానాకు బదిలీ చేసిరి. పని నిలిచిపోయెను. 1898లో కలకత్తాలో మరల మొదలుపెట్టి, పక్షుల మలేరియా దోమకాటు ద్వారా ఒక పక్షినుండి మరియొక పక్షికి వచ్చుట రూఢిపరచెను. 1902లో నోబెల్ బహుమానము ఆయనకు లభించెను.

అనేకులు ఆయన కథను ఇక్కడనే ముగింతురు. రాస్ మాత్రము ముగింపలేదు. కారణము తెలిసినంత మాత్రమున ఒక్క బిడ్డయైన బ్రదుకదని ఆయనకు తెలియును. 1899లో ఉద్యోగము విడిచి లివర్‌పూల్ చేరి, ఆ యేడే ఆఫ్రికాలోని ఫ్రీటౌనుకు పోయి, ఏ గుంటలలో ఆ జాతి దోమలు పెరుగుచున్నవో వెదకెను. 1901లో ఒక దాత యిచ్చిన సొమ్ముతో అక్కడ కూలివారిని దండుగా ఏర్పరచెను. వారు గుంటలు పూడ్చిరి, పగిలిన సీసాలను, డబ్బాలను బండ్లకొద్ది తీసివేసిరి. 1902లో సూయజు కాలువ కంపెనీవారు పిలువగా ఇస్మాయిలియా పట్టణమునకు పోయెను. అక్కడ సొమ్ముండెను, బాధ్యత వహించు కంపెనీ యుండెను, వారము వారము ఇంటింటికి తిరుగు మనుష్యులుండిరి. ఏటికి వేయికి మించిన జ్వరములు మూడేండ్లలో నూరుకు లోపుగా తగ్గెను.

అదే కాలమున లాహోరు దగ్గర మియాన్ మీర్ దండులోను ఇట్టి ప్రయత్నమే జరిగెను. అక్కడ ఫలము అంతగా కనబడలేదు. ఇది ఇండియాలో సాగని పని అని కొందరధికారులు తీర్పు చెప్పిరి. చేసిన స్థలము చాల కొంచెమనియు, వేసిన సొమ్ము చాలదనియు, లెక్కలు సరిగా తీయలేదనియు రాస్ వాదించెను. ఆయన మాటలో సత్యమున్నది. అయితే కాలువనీరు పారు పొలముల మధ్య దండుకు, పట్టణమునకు తగిన పద్ధతి యథాతథముగా సరిపోదను మాటలోను సత్యమున్నది. ఒకచోట మేలు చేసిన పని మరియొకచోట మేలు చేయవలెనన్న, ఆ చోటి నీటిని, పొలమును, మనుష్యుల అలవాటును చూచి దానిని కుదుర్చుకొనవలెను.

రాస్ లోపములను మేము దాచము. ఆయన త్వరగా కోపించువాడు. కీర్తి ఎవరిదను విషయమై ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సితో జీవితమంతయు కలహించెను. ఒప్పించుటకంటె మందలించుటయే ఆయనకు సులభముగా నుండెను. అయినను తన గణితమును ఆయన వృథాచేయలేదు. మారిషస్ దీవిలో జ్వరమును పరిశీలించి, 1908లో వెలువరించిన నివేదికలో, దోమలను ఒక్కటియు మిగులకుండ చంపనక్కరలేదనియు, ఒక మట్టమునకు క్రిందుగా తగ్గించి అక్కడనే నిలిపినయెడల జ్వరము తానే అణగిపోవుననియు లెక్కవేసి చూపెను. 1932వ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను.

ఆయన తరువాత మన దేశములో జరిగినది కూడ పాఠమే. స్వరాజ్యము వచ్చిన కాలమున ఏటేట ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చుచుండెను. ఎనిమిది లక్షల మంది చనిపోవుచుండిరి. 1953లో ప్రభుత్వము ఇంటింట డి.డి.టి. చల్లించుట ప్రారంభించెను. 1965 నాటికి కేసులు లక్షకు తగ్గెను. అందరు పని అయిపోయినదనుకొనిరి. చేతులు సడలెను, దోమలు మందుకు అలవాటు పడెను. 1976లో కేసులు మరల అరువది నాలుగు లక్షలకు పెరిగెను. తెలివి తగ్గలేదు, చేయుట తగ్గెను. అందుచేతనే నేడు వైద్యశాస్త్రములో దీనికే ఒక ప్రత్యేక శాఖ ఏర్పడినది. తెలిసిన మందు ఇంటికి ఎందుకు చేరుటలేదు, ఎవరు చేయవలెను, వారికేమి అడ్డు వచ్చుచున్నది, చేసినది నిలుచుచున్నదా అని అది విచారించును.

మన సంగతికి వత్తము. మన గుడిబండ ప్రాంతము వానలు తక్కువైన సీమ. కొళాయి రోజూ రాని వీధిలో బానలు, తొట్లు, డ్రమ్ములు నిండుగా పెట్టుకొనుట తప్పదు. ఆ నిలువనీటిలోనే డెంగీ జ్వరము తెచ్చు దోమ పెరుగును. నీళ్లు పారబోయుడని చెప్పి పోవుట సులభము. నాలుగు బిందెలకై గంటసేపు నిలుచున్న తల్లి ఆ నీటినెట్లు పారబోయును? ఆమె మాట వినక చెప్పు ఉపదేశము మియాన్ మీర్ పనివంటిదే యగును. గ్రుడ్డు దోమ యగుటకు వారము పది దినములు పట్టును. గనుక నీళ్లు పట్టిన వెంటనే బానకు పాత బట్ట కట్టవలెను. వారమునకొకమారు, శనివారము సాయంకాలమనుకొందము, అడుగునకు వచ్చిన నీటిని చెట్టుకు పోసి, గ్రుడ్లు గోడకు అంటుకొనియుండును గనుక లోపల పీచుతో గట్టిగా తోమవలెను.

ఒంటరిగా నున్న ముసలమ్మ బాన వంచలేదు. మన యౌవనస్థులు ఇద్దరు పోయి వంచి తోమి రావలెను. మరుసటి శనివారమును పోవలెను. ఆమె వద్దన్నయెడల కోపించక, ఎందుకు వద్దనుచున్నదో అడుగవలెను.

నయమాను దాసులు చేసినది ఇంతే. వారు క్రొత్త మందు కనుగొనలేదు. చెప్పిన మందును తమ యజమానునిచేత చేయించిరి. ఈ శనివారము మన వీధిలో ఆ పని ఎవరు చేయుదురో ఆరాధన ముగిసిన పిమ్మట పేర్లు వ్రాసికొందము.