జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్

జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ (ఏప్రిల్ 16, 1907 - ఫిబ్రవరి 18, 1964) కెనడా దేశానికి చెందిన ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. మంచుపై నడిచే మోటారు వాహనాలను (స్నోమొబైల్) ఆచరణ యోగ్యంగా రూపొందించినవారిలో ఇతడు ప్రముఖుడు. ఇతని ఇంటిపేరును ఫ్రెంచి వారు బొంబార్డియే అని పలుకుతారు.

బాల్యం

ఇతడు క్యూబెక్ రాష్ట్రంలోని వాల్‌కూర్ గ్రామంలో జన్మించాడు. ఎనిమిది మంది సంతానంలో పెద్దవాడు. చిన్నతనంలో పాత గడియారాల మరలతో, చుట్టల పెట్టెలతో నడిచే బొమ్మలు చేసేవాడు. తండ్రి ఇచ్చిన పాత ఫోర్డ్ మోడల్-టి ఇంజనును ఒక మంచుబల్లపై బిగించి, వెనుక చెక్క పంకాను అమర్చి, 1922 డిసెంబరు 31న తమ్మునితో కలిసి ఊరి వీధులలో నడిపాడు. బండి నడిచింది కాని, వెనుక గిర్రున తిరిగే ఆ పంకాకు ఎట్టి రక్షణ లేదు. తండ్రి భయపడి వెంటనే దానిని విప్పించివేశాడు. అప్పటికి ఇతని వయస్సు 15 సంవత్సరాలు.

కుమారుని మతాచార్యునిగా చూడాలని తండ్రి షెర్‌బ్రూక్ పట్టణంలోని విద్యాలయానికి పంపాడు. ఆ చదువుపై ఇతనికి మనసు నిలువలేదు. పదిహేడవ ఏట దానిని విడిచి మరమ్మతు పనులు నేర్చుకొని, 1926లో వాల్‌కూర్‌లో సొంత గరాజు తెరిచాడు. 1929లో ఇవాన్ లబ్రెక్‌ను వివాహమాడాడు.

కుమారుని మరణం

ఆ రోజులలో క్యూబెక్ పల్లెల రోడ్లపై మంచును తొలగించేవారు కారు. శీతాకాలమంతా కార్లు కొట్టాలలో ఉండేవి, గుర్రపు బళ్లే దిక్కు. 1934 శీతాకాలంలో బొంబార్డియర్ రెండేళ్ల కుమారునికి అపెండిసైటిస్ ముదిరింది. ఆసుపత్రి సుమారు 50 కిలోమీటర్ల దూరాన షెర్‌బ్రూక్‌లో ఉంది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి. గరాజులో ఉన్న ప్రయోగపు బండి నడిచే స్థితిలో లేదు. బాలుడు మరణించాడు. అంతకుముందు కూడా ఇతడు మంచుబళ్లపై పనిచేస్తూనే ఉన్నాడు కనుక ఆవిష్కరణకు ఈ దుర్ఘటనే మూలమనడం సరికాదు. అయితే మరుసటి సంవత్సరమే ఇతని పని ఒక కొలిక్కి వచ్చింది.

గొలుసుపట్టా

మెత్తటి మంచులో చక్రం దిగబడుతుంది. మన నల్లరేగడిలో వానాకాలం బండిచక్రం దిగబడడం వంటిదే ఇది. బరువు ఒకేచోట పడకుండా వెడల్పుగా పరచుకొంటే బండి పైన తేలుతుంది. ఇందుకు బొంబార్డియర్ రబ్బరు పట్టీలకు అడ్డంగా ఉక్కు కమ్ములు బిగించి ఒక పట్టాను తయారుచేశాడు. ఆ పట్టాను తిప్పే పళ్లచక్రానికి రబ్బరు తొడుగు వేశాడు. ఈ తొడుగు వలన చక్రానికి మంచు గడ్డకట్టి అంటుకోదు, పట్టాకు తగిలే అదురు కూడా తగ్గుతుంది. 1937లో దీనికి పేటెంటు లభించింది. ముందు రెండు స్కీలు, వెనుక పట్టాలు గల ఏడుగురు ప్రయాణికుల బి-7 బండి ఈ పద్ధతిలోనే వచ్చింది. 1942లో కంపెనీ ఏర్పడింది, పన్నెండు మంది ఎక్కే బి-12 తయారైంది. వైద్యులు, తపాలా వారు, పాఠశాలలు వీటిని వాడారు.

అడుగు భాగపు రక్షణ

మంచుబండికి ప్రమాదం తరచు కంటికి కనబడని చోటినుండి వస్తుంది. పైకి నున్నగా కనిపించే మంచు క్రింద చెట్ల మొద్దులు, రాళ్లు, గడ్డకట్టిన మంచుపెళ్లలు దాగి ఉంటాయి. వాటికి మొదట తగిలేవి స్కీలు, వాటిని పట్టి ఉంచే చేతులు, తరువాత బండి పొట్ట. నేటి బళ్లలో ఈ పొట్ట పలుచని ప్లాస్టిక్‌తో ఉంటుంది కనుక గట్టి దెబ్బకు పగులుతుంది. దీనికి రక్షణగా మందపాటి పాలిథిలిన్ పలకను గాని అల్యూమినియం పలకను గాని అడుగున బిగిస్తారు. అల్యూమినియం గట్టిదే అయినా దెబ్బకు సొట్టపడుతుంది. పాలిథిలిన్ వంగి తిరిగి యథాస్థితికి వస్తుంది, నునుపుదనం వలన మొద్దుపై జారిపోతుంది. పలకకు, పొట్టకు నడుమ మంచు చేరి గడ్డకడితే బరువు పెరుగుతుంది కనుక అది బయటపడేందుకు దారి ఉంచాలి, బోల్టులను అప్పుడప్పుడు చూసుకోవాలి. నీటితో చల్లబరచే ఇంజన్లున్న బళ్లలో పట్టా పైనున్న గూటిలో శీతలీకరణ గొట్టాలుంటాయి. వాటికి చిల్లిపడితే ద్రవం కారిపోయి, జనసంచారం లేని చోట బండి ఆగిపోతుంది. బొంబార్డియర్ నాటి చిన్నబళ్లలో గాలితో చల్లబడే ఇంజన్లుండడం వలన ఈ చిక్కు లేదు.

1948 తరువాత

1948లో క్యూబెక్ ప్రభుత్వం శీతాకాలంలో పల్లె రోడ్ల మంచును తొలగించే చట్టం తెచ్చింది. ప్రజలకు మేలే జరిగింది కాని బొంబార్డియర్ అమ్మకాలు బాగా పడిపోయాయి. ఇతడు రోడ్లను వదలి అడవులవైపు, బురదనేలలవైపు మళ్లాడు. 1953లో మస్కెగ్ అనే పట్టాల ట్రాక్టరును విడుదల చేశాడు. మస్కెగ్ అంటే ఉత్తర కెనడా చిత్తడి నేల. వివియన్ ఫుక్స్ నాయకత్వాన అంటార్కిటికాను దాటిన బృందం (1957-58) వెంట ఇటువంటి ట్రాక్టరు ఒకటి బయలుదేరింది.

ఒకరిద్దరు ఎక్కే తేలికబండి ఇతని యౌవనపు కోరిక. అందుకు తగిన చిన్న ఇంజన్లు 1950ల చివరివరకు దొరకలేదు. పెద్ద కుమారుడు జెర్మైన్ అతుకులు లేని రబ్బరు పట్టాను రూపొందించాడు. 1959లో స్కీ-డూ మార్కెట్లోకి వచ్చింది. కుక్కలు లాగే బండికి బదులుగా పనికివస్తుందని మొదట స్కీ-డాగ్ అని పేరు పెట్టగా, అచ్చుతప్పు వలన స్కీ-డూ అయిందని చెబుతారు. మారుమూల మిషనరీలకు, వేటగాళ్లకు ఉపయోగపడాలని చేసిన ఈ బండి వినోదానికే ఎక్కువగా అమ్ముడుపోయింది.

మరణం

బొంబార్డియర్ క్యాన్సరు వ్యాధితో 1964లో షెర్‌బ్రూక్‌లో 56వ ఏట మరణించాడు. కంపెనీ తరువాత రైళ్లు, విమానాల తయారీలోకి విస్తరించింది. 2003లో మంచుబళ్ల విభాగం వేరుపడి బి.ఆర్.పి. అనే సంస్థ అయింది. ఇతడు పనిచేసిన మొదటి గరాజును వాల్‌కూర్‌లోని ఇతని పేరిట గల ప్రదర్శనశాలలో భద్రపరచారు.